మాట ఆగకూడదు

ఆయన పోయిన ఆదివారం సాయంత్రం ఆ ఇంట్లో అందరికంటే గట్టిగా వినిపించిన గొంతు ఆయన చెల్లెలిది. ఏడుపు కాదు. తిట్లు.

"ఒరేయ్ అన్నయ్యా, మళ్ళీ మొరాయించావా? కదులు! వెనక గాలి వస్తోందని నువ్వే కదా చెప్పావు! కదలరా బాబూ!"

వంటింట్లో క్యారెట్లు తరుగుతున్న ఆయన భార్య, బడిలో టీచరు, ఆ మాటలు విని నవ్వుకుంది. పెళ్ళయిన నాటినుంచీ వింటున్న పాటే అది. సెలవురోజు వస్తే చాలు, అన్నాచెల్లెళ్ళిద్దరూ సోఫాలో చేరి, చెరో కంట్రోలరూ పట్టుకుని టీవీకి అతుక్కుపోయేవారు. ఇద్దరు కలిస్తే తప్ప సాగని ఆట అది. ఇద్దరు కూలీలు ఒక నిలువుటద్దాన్ని మోసుకుంటూ కొండమీది ఇంటికి చేర్చాలి. తెర రెండు సగాలుగా చీలి ఉంటుంది, ఏ కూలీకి కనిపించేది ఆ సగంలోనే. ముందున్న కూలీ వెనక్కి తిరిగి నడుస్తాడు. వాడికి దారి కనపడదు, వెనకనుంచి తరుముకొచ్చే గాలి కనపడుతుంది. వెనక కూలీకి దారి కనపడుతుంది కానీ, అద్దం అడ్డం కాబట్టి తన కాళ్ళు తనకే కనపడవు. ఒకడికి తెలిసింది రెండోవాడికి నోటితో చెబితేనే అడుగు పడుతుంది. పక్క సగంలోకి తొంగిచూసే తీరిక ఉండదు. ఒకడు ఆగితే ఇద్దరూ ఆగినట్టే. అద్దం పగిలిందా, కూలీలిద్దరూ నెత్తిన చేతులు పెట్టుకుని నేలమీద చతికిలబడతారు. మళ్ళీ కింది దీపస్తంభం దగ్గరనుంచి మొదలు.

ఆయనకు ఒక చిలిపితనం ఉండేది. సరిగ్గా పీకల మీదికి వచ్చినప్పుడు తన కూలీని కదలకుండా నిలబెట్టేసేవాడు. చెల్లెలి గొంతు మెట్టు మెట్టుగా పైకి లేచేది. అది పై మెట్టుకి చేరాక పకపకా నవ్వి కదిలేవాడు. ఆమె ఆయనకు 'మొరాయింపు మహారాజు' అని బిరుదిచ్చింది. ప్రతి గుంటలోకీ ముందు తనే దూకుతుందని ఆయన ఆమెకు 'తొందర' అని పేరు పెట్టాడు. అదే పేరు ఇంట్లో నిలిచిపోయింది.

"పాపం, దాన్నెందుకండీ ఏడిపిస్తారు? కదలండి!" అని ఆరోజు టీచరు కూడా వంటింట్లోంచే ఒక కసురు కసిరింది.

తొందర ఇంకో నాలుగు తిట్లు తిట్టింది. చూపు మాత్రం తెరమీంచి తీయలేదు. అద్దం పగిలిన చప్పుడు వచ్చింది. కూలీలు చతికిలబడ్డారు. అప్పుడు అన్న నవ్వాలి. నవ్వలేదు. అప్పుడు గానీ ఆమె పక్కకి తిరగలేదు.

ఆ తర్వాత వచ్చిన కేక గురించి టీచరు ఎవరితోనూ మాట్లాడదు.

*

గుండె కండరం ఒకచోట మందంగా పెరిగి ఉందని తర్వాత డాక్టరు చెప్పింది. పుట్టుకతో వచ్చేదట. చాలామందికి ఏ ఇబ్బందీ పెట్టకుండా ఊరుకుంటుందట. కొందరిలో ఊరుకోదట. టీచరు తల వంచుకుని విన్నది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. పోవడానికి ముందు కొన్నాళ్ళుగా, మూడో అంతస్తులో ఉన్న తమ ఇంటికి మెట్లెక్కి వచ్చేసరికి ఆయాసపడుతుంటే ఆమె అడిగింది కూడా. "లిఫ్టు మెకానిక్‌ని మెట్లెక్కమంటే గుండె ఊరుకుంటుందా? అలిగింది!" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు.

డాక్టరు ఇంకో మాట అంది. "తోబుట్టువులున్నారా? ఉంటే వాళ్ళు తప్పకుండా చూపించుకోవాలి. ఆలస్యం చెయ్యకండి."

తోబుట్టువు గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. విన్నది. బయటికి వెళ్ళిపోయింది.

తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అన్నే పెంచాడు తొందరని. పిల్లలు లేని ఆ ఇంట్లో ఇప్పుడు మిగిలింది వదినా, ఆడపడుచూ. తొందర కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది. గుండ్రటి గాజుబిళ్ళను మిషను మీద అరగదీసి ఫ్రేములో బిగించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా వస్తే పెట్టుకున్నవాడికి తల తిరుగుతుంది. చేతులు ఎంత నెమ్మదో, నోరు అంత తొందర. అన్న పోయాక నోరు కూడా నెమ్మదించింది.

టీచరు మొదట మంచిగా చెప్పింది. "ఒక పూట సెలవు పెట్టవే. నేనూ వస్తాను."

"ఈ వారం దుకాణంలో పని ఎక్కువ వదినా."

తర్వాతి వారమూ అదే జవాబు. ఆపై వారం, యజమాని ఊళ్ళో లేడు. ఇంకో వారం, మిషను రిపేరు. చెప్పేవాళ్ళకు వినేవాళ్ళు లోకువంటారు, ఇక్కడ వినేవాళ్ళకే చెప్పేవాళ్ళు లోకువయ్యారు. ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే తొందర కళ్ళు టీచరు భుజం మీదుగా గోడను చూసేవి. ఇరవై ఏళ్ళుగా పిల్లలకు పాఠం చెబుతున్న మనిషి, ఆ చూపు ఆమెకు తెలుసు. పాఠం చెవిదాకా వచ్చి గుమ్మంలోనే చెప్పులు విడిచి నిలబడిపోయిందని అర్థం.

అంతకంటే భయపెట్టేది ఇంకొకటి ఉంది. మెట్లు.

సాయంత్రం టీచరు పిల్లల నోటు పుస్తకాలు దిద్దుతూ చెవులు మెట్ల మీదే పెట్టి కూర్చునేది. కింద గేటు కిర్రుమంటుంది. చెప్పుల చప్పుడు మొదటి అంతస్తు దాటుతుంది. రెండో అంతస్తు మలుపు దగ్గర ఆగిపోతుంది. ఆ ఆగడంలో టీచరు చేతిలోని ఎర్ర పెన్ను కూడా ఆగిపోతుంది. మళ్ళీ చప్పుడు మొదలయ్యేదాకా ఆమెకు ఊపిరి ఆడదు. లేచి తలుపు తీసి చూద్దామనుకుంటుంది, కానీ లేవదు. చూస్తే ఏం కనిపిస్తుందో! ఒకరోజు ధైర్యం చేసి తొంగిచూసింది. తొందర గోడకు చేరగిలబడి, బ్యాగులో చెయ్యి పెట్టి ఏదో వెతుకుతోంది. ముఖం కాగితంలా ఉంది.

"ఏమయిందే?"

"తాళంచెవి కనపడట్లేదు వదినా" అంది తొందర, ఒక్కో మాటకీ ఒక్కో ఊపిరి తీసుకుంటూ.

ఆ రోజునుంచి టీచరు గుండె గుప్పిట్లో పెట్టుకుని బతికింది. పాఠం మధ్యలో ఫోను చూసుకునేది. తొందర స్నానానికి వెళ్తే నీళ్ళ చప్పుడు ఆగేదాకా తలుపు దగ్గరే ఏదో సర్దుతున్నట్టు తచ్చాడేది. ఆ పిల్ల కూడా అంతే. టీచరు కుర్చీలో కునుకు తీస్తే చాలు, "వదినా!" అని పిలిచేది. "ఊఁ" అంటే, "ఏం లేదు" అనేది. ఒకరినొకరు కాపలా కాసుకునే ఇల్లయింది. ఆట పెట్టెమీద ఎవరో తువ్వాలు కప్పారు. ఎవరు కప్పారని ఇద్దరూ అడగలేదు.

*

బడిలో ఒకరోజు ఆరో తరగతి పిల్లలు ఇద్దరు వెనక బెంచీలో కొట్టుకున్నంత పని చేశారు. సంగతేమిటని అడిగితే, ఇంట్లో కలిసి ఆడే వీడియో గేములో నీవల్ల ఓడామంటే నీవల్ల ఓడామని. టీచరుకు కోపం రావాలి. కానీ ఆ పిల్లలు తిట్టుకుంటూనే ఒకే బెంచీ మీద, ఒకే డబ్బాలోంచి బిస్కెట్లు తింటున్నారు.

"అంత తగువైతే ఎందుకే కలిసి ఆడటం? ఎవరికి వాళ్ళు ఆడుకోకూడదూ?" అంది.

రెండు జడల పిల్ల టీచరును జాలిగా చూసింది. "ఒక్కదాన్నే గెలిస్తే ఎవరికి చెప్పుకోను టీచర్?"

పక్కనున్న పిల్ల అందుకుంది. "ఒక్కదాన్నే ఓడిపోతే ఎవర్ని తిట్టను టీచర్?"

క్లాసంతా నవ్వింది. టీచరు నవ్వు మొహం చూసి చాలా కాలమైన ఆ పిల్లలు ఆమె వంక ఆశగా చూశారు. ఆమె బోర్డు వైపు తిరిగిపోయింది. కానీ ఆ మాట ఇంటిదాకా వెంట వచ్చింది. అన్నాచెల్లెళ్ళు ఆ సోఫాలో కూర్చుని ఎన్ని సంగతులు మాట్లాడుకునేవారో ఆమెకు గుర్తొచ్చింది. ఉద్యోగాల సంగతి, జబ్బుల సంగతి, ఒకసారి ఎవరో కుర్రాడి సంగతి కూడా. ఎదురెదురుగా కూర్చుంటే పెదవి దాటని మాటలు, పక్కపక్కన కూర్చుని తెరను చూస్తుంటే వాటంతటవే జారిపడేవి.

ఆ సాయంత్రం తువ్వాలు తీసేసింది.

మెట్లెక్కి వచ్చిన తొందర గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏంటి వదినా ఇది?"

"నాకు నేర్పు."

"నీకా? టీవీ సౌండు తగ్గించమంటే ఛానెలు మార్చేస్తావు!"

"బండరాళ్ళలాంటి పిల్లలకు భాగహారం నేర్పాను. నువ్వొక్క బండరాయికి నేర్పలేవా?"

తొందర నవ్వబోయి ఆగింది. సోఫా వైపు చూసింది. ఆయన కూర్చునే చోటు కుడి పక్కది. టీచరు అక్కడ కూర్చోలేదు. వంటింట్లోంచి కుర్చీ ఒకటి తెచ్చి సోఫా ఎడమ పక్కన వేసుకుంది. చాలాసేపటికి తొందర వచ్చి కూర్చుంది. కంట్రోలర్ అందుకుని, గాజుబిళ్ళను తుడిచినట్టు మెల్లగా దుమ్ము తుడిచింది.

"ఒక షరతు" అంది.

"చెప్పు."

"మాట ఆగకూడదు. ఆడుతున్నంతసేపూ నీ గొంతు నాకు వినపడాలి. ఏదో ఒకటి. అర్థంపర్థం లేకపోయినా సరే."

ఎందుకని టీచరు అడగలేదు. "నీదీ ఆగకూడదు మరి" అంది.

అలా కొత్త ఆట మొదలైంది. అన్న ఆగిపోయిన పాత మజిలీలోంచి కాదు, మొదటి దీపస్తంభం దగ్గరనుంచి. టీచరు మొట్టమొదట చేసిన పని, అద్దాన్ని తిన్నగా మురికికాలవలోకి మోసుకుపోవడం.

"ఎడమ వదినా, ఎడమ! నీ ఎడమ ఏదీ?"

"నువ్వు నీ ఎడమ చెబుతున్నావా, నా ఎడమ చెబుతున్నావా? నేను వెనక్కి తిరిగి నడుస్తున్నానా లేదా?"

"అయ్యో, మనిద్దరి ఎడమా ఒకటి కాదు కదా!"

"పెళ్ళయినప్పటినుంచీ కాదు" అంది టీచరు. అద్దం భళ్ళుమంది. కూలీలు చతికిలబడ్డారు. తొందర నోరంతా తెరిచి నవ్వింది. నవ్వి, ఆ నవ్వుకి తనే ఉలిక్కిపడి టీచరు వైపు చూసింది. టీచరు కళ్ళు తెరమీదే ఉన్నాయి.

రోజూ కాసేపు ఆడటం అలవాటయింది. ఎడమ కుడి కాకుండా, తలుపు వైపు, కిటికీ వైపు అని తమ హాలునే గుర్తుగా పెట్టుకున్నారు. మాట ఆగకూడదు కాబట్టి, చెప్పడానికేమీ లేనప్పుడు టీచరు ఎక్కాలు చదివేది. తొందర ఆరోజు బిగించిన కళ్ళద్దాల పవర్లు అప్పజెప్పేది. "పదకొండు మూళ్ళు ముప్ఫై మూడు, గాలి వస్తోంది, వంగు, పదకొండు నాలుగులు నలభై నాలుగు" అని ఒకరు. "మైనస్ రెండున్నర, తలుపు వైపు గుంట, ప్లస్ ఒకటి, కిటికీ వైపు, కిటికీ వైపు" అని ఇంకొకరు. బయటివాళ్ళెవరైనా విని ఉంటే ఇద్దరికీ పిచ్చి పట్టిందనుకునేవారు.

"ఇందులో నీకేం కనిపిస్తుందే అంతగా?" అని ఒకసారి ఎక్కం మధ్యలోనే అడిగింది టీచరు.

"ఒక్కదాన్నే ఆడే ఆటలో పడితే నా మీద నాకే కోపం వస్తుంది వదినా. ఆ కోపం అలాగే ఉండిపోతుంది. ఇందులో పడితే వాడి మీద కోపం, వాడికి నా మీద. అది కాసేపటికి నవ్వయిపోతుంది." కాస్త ఆగి, ఆగానని గుర్తొచ్చి, గబగబా అంది. "మైనస్ మూడు, మైనస్ మూడుంబావు. ఇంకోటి. ఎంత బాగా ఆడినా నేనొక్కదాన్నే కొండెక్కలేను. అందుకని వాడు నా కోసం ఆగాలి. ఆగితే తిట్టాలి. అదే బాగుండేది."

టీచరు పన్నెండో ఎక్కం ఎత్తుకుంది.

భయం మాత్రం పోలేదు. ఆట వల్ల దానికి ఒక గంట కట్టినట్టయింది, అంతే. మాట మోగుతున్నంతసేపూ ఇద్దరూ బతికి ఉన్నట్టు. పరీక్ష సంగతి ఎత్తితే తొందర పవర్లు చదవడం వేగం పెంచేది.

*

ఒక సెలవురోజు మధ్యాహ్నం కొండ సగందాకా ఎక్కారు. ఇరుకు మెట్ల దారి. వెనక నుంచి గాలి. టీచరు పదమూడో ఎక్కంలో ఉంది. ఆటలోని మెట్లు చూస్తుంటే ఆమెకు తమ మెట్లు గుర్తొచ్చాయి. పక్కనుంచి తొందర ఊపిరి వినిపిస్తోంది. ఆటలో ఊపు వల్ల అలా ఉందా, లేక ఆ రెండో అంతస్తు ఊపిరేనా? ఒకసారి గరగరమన్నట్టు వినిపించింది. మరోసారి ఏమీ వినిపించలేదు.

"పదమూడు ఐదులు అరవై ఐదు, పదమూడు ఆరులు డెబ్భై ఎనిమిది, పదమూడు..."

ఆ ఊపిరిని సరిగా విందామని టీచరు తన ఊపిరి బిగబట్టింది. చెవులన్నీ అటే పెట్టింది. నోరు ఆగిపోయిన సంగతే ఆమెకు తెలియలేదు. వేళ్ళు కూడా ఆగిపోయాయి. తెరమీద ఆమె కూలీ మెట్టు మధ్యలో నిలబడిపోయాడు.

"పదమూడు ఏడులు?" అంది తొందర.

జవాబు లేదు.

"వదినా, పదమూడు ఏడులు ఎంత?"

కంట్రోలర్ నేలమీద పడి బ్యాటరీలు ఊడి రెండు వైపులకు దొర్లిపోయాయి. తొందర టీచరు రెండు భుజాలూ పట్టుకుని కుదిపేస్తోంది. "వదినా! వదినా! చూడు నన్ను! నన్ను చూడు!" ఆ గొంతు ఆరోజు ఆదివారం సాయంత్రం వచ్చిన గొంతే.

"ఉన్నానే! ఉన్నాను! ఇదిగో, ఉన్నాను!"

తొందర చేతులు వదల్లేదు. "ఎందుకాగావు? ఆగొద్దన్నాను కదా! ఒక్కటే అడిగాను కదా నిన్ను! ఎందుకాగావు?"

"నీ ఊపిరి విందామని."

"నా ఊపిరికేమయింది?"

"మెట్ల మీద ఎందుకాగుతావు రోజూ?"

"తాళంచెవి వెతుక్కుంటా."

"నేను ఇంట్లోనే ఉంటాను. తలుపు గడియైనా వేసి ఉండదు. నీకు తాళంచెవితో ఏం పని?"

తొందర చేతులు జారిపోయాయి. నేలమీద కూర్చుండిపోయింది. టీచరు కూడా కుర్చీ దిగి పక్కన కూర్చుంది. ఆమె గొంతు బడిలో వినిపించే గొంతులా లేదు.

"ఇందాక ఎంతసేపు భయపడ్డావు?"

"ఏమో. ప్రాణం పోయినంత పనయింది."

"నాకది పొద్దున్న నువ్వు గేటు దాటినప్పుడు మొదలవుతుంది. నువ్వు వచ్చాక కూడా ఆగదు. పడుకున్నా ఆగదు. ఆ ఒక్క గడియ భయానికే నువ్వు నా భుజాలు విరిచేశావు. నేను నిన్నేం చెయ్యాలి?"

తొందర చాలాసేపు బ్యాటరీ ఒకటి అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది.

"జబ్బు ఉందంటారని కాదు వదినా నా భయం" అంది చివరికి. "లేదంటే?"

టీచరుకు అర్థం కాలేదు.

"ఉందంటే నేనూ వాడూ ఒకటే. చిన్నప్పటినుంచీ అన్నీ చెరిసగం పంచుకున్నాం. లేదంటే, వాడొక్కడే మోశాడన్నమాట. నేను పక్కనే కూర్చుని, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని, కదలవేంరా అని తిట్టాను."

ఇలాంటప్పుడు చెప్పడానికి మంచి మాటలు కొన్ని ఉంటాయి. పరామర్శకు వచ్చినవాళ్ళు అవన్నీ చెప్పి వెళ్ళారు. టీచరుకు వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"నేనూ కసిరాను" అంది. "తిట్టింది ఇద్దరం."

కాసేపయ్యాక మళ్ళీ అంది. "ఆయన పోయారు. నువ్వు కూడా పోతే నేను మొదటి దీపస్తంభం దగ్గరకు కూడా పోలేను. నాకంత ఓపిక లేదు. నన్ను ఒంటరిగా మొయ్యమనకు."

తొందర లేచి, సోఫా కిందికి దొర్లిన రెండో బ్యాటరీ వెతికి తెచ్చింది. దాన్ని వేసి మూత బిగిస్తూ, తల ఎత్తకుండా, "బుధవారం దుకాణం పొద్దున పూట మూస్తారు" అంది.

*

పరీక్ష గది చిన్నది, చల్లగా ఉంది. కిటికీకి నల్ల తెర. తొందర ఎడమ పక్కకు తిరిగి పడుకుంది. పరీక్ష చేసే అతను ఆమె ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, చేతిలోని పనిముట్టును పక్కటెముకల మధ్య నొక్కి పట్టాడు. గోడనున్న తెరమీద బూడిదరంగులో ఏదో తెరుచుకుని మూసుకుంటోంది.

"అదేనా నా గుండె? చేపనోరులా ఉందేంటి వదినా?" అంది తొందర.

"నీ నోరు పోలికే వచ్చింది" అంది టీచరు.

"మాట్లాడకండమ్మా" అన్నాడతను. "కదలొద్దు. ఊపిరి బిగబట్టండి. నేను చెప్పేదాకా అలాగే ఉండండి."

తొందర కళ్ళు ఒక్కసారి పెద్దవయ్యాయి. మాట ఆగింది. ఊపిరి ఆగింది. మనిషి రాయిలా అయిపోయింది. టీచరు నోట్లో పదమూడో ఎక్కం సిద్ధంగా ఉంది, పెదవులు దాటించడానికి వీల్లేదు. అతను తెరమీద ఒకచోట గీత గీశాడు. చెరిపాడు. మళ్ళీ అక్కడే గీశాడు. ఎందుకు రెండుసార్లు గీశాడు? ముఖంలో ఏమీ లేదు. పిల్లల జవాబులు దిద్దేటప్పుడు తన ముఖం కూడా అలాగే ఉంటుందని టీచరుకు తట్టింది. తప్పు కనిపించినా, ఒప్పు కనిపించినా.

గదిలో అందరూ తెరనే చూస్తున్నారు. టీచరు కూడా చూస్తోంది, అదేదో అర్థమైనట్టు. ఉన్నట్టుండి ఆమెకు ఆ ఆదివారం గుర్తొచ్చింది. చూపు తెరమీంచి లాక్కుని పక్కకు తిప్పింది. మంచం పట్టీ పక్కకు జరిగి, వంగి, తొందర ముఖంలోకి చూసింది. పెదవులు బిగిసి ఉన్నాయి. కనుకొసల్లో నీళ్ళు. కానీ కళ్ళు టీచరును చూస్తున్నాయి, రెప్పలు కొట్టుకుంటున్నాయి. ఆ రెప్పలనే చూస్తూ కూర్చుంది, అతను "ఇక ఊపిరి వదలండి" అనేదాకా.

డాక్టరు బొమ్మలన్నీ తిప్పి చూసింది. గుండె గోడ ఒకచోట కాస్త మందంగా ఉన్నట్టుంది, కానీ అంతమాత్రాన జబ్బని అనలేం, కాదనీ అనలేం అంది. ఒక రోజంతా ఛాతీకి అంటించుకుని ఉండే చిన్న యంత్రం ఇచ్చింది, అది గుండె కొట్టుకునే తీరు రాసుకుంటుందట. దాని తర్వాత ట్రెడ్‌మిల్ పట్టీ మీద పరిగెత్తించి చూడాలి. పక్కనే డాక్టరు ఉంటుంది, భయం లేదు.

"ఆ పరీక్ష అయ్యేదాకా మెట్లు మెల్లగా ఎక్కు. పరుగులొద్దు" అంది.

"పరిగెత్తొద్దంటారు, పరిగెత్తి చూపించమంటారు. ఏదో ఒకటి తేల్చండి మేడమ్" అంది తొందర. డాక్టరు నవ్వింది. టీచరు నవ్వలేకపోయింది. ఉన్నట్టుంది అన్న మాట దగ్గరే ఆమె ఆగిపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి మెట్లెక్కారు. రెండో అంతస్తు మలుపులో తొందర ఆగింది. బ్యాగులో చెయ్యి పెట్టలేదు. గోడకు ఆనుకుని, "ఆయాసంగా ఉంది వదినా" అంది. అన్న పోయాక ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదలు. టీచరు ఆమె పక్కనే మెట్టుమీద కూర్చుంది. పక్కింటాయన దిగుతూ, "ఏమ్మా, ఇక్కడ కూర్చున్నారు?" అని అడిగితే, "కొండెక్కుతున్నామండీ" అంది తొందర. ఆయన అయోమయంగా చూసి దిగిపోయాడు.

ఇంట్లో తొందర చొక్కా కింద ఆ యంత్రం పెట్టుకునే ఆడింది. గాలి వచ్చినప్పుడు కేకలు వేసింది, అద్దం పగిలితే తిట్టింది. ఆ కేకలన్నీ లోపల ఎలా రాసుకుంటోందో అని టీచరు ఉండబట్టలేక చొక్కా వైపు చూస్తూనే ఉంది. మూడుసార్లు మురికికాలవలో పడ్డారు.

యంత్రం తిరిగి ఇచ్చేశారు. అందులో ఒకటి రెండు చోట్ల గుండె లయ తప్పినట్టుందని, పరిగెత్తే పరీక్ష చేశాకే చెబుతామని ఆస్పత్రినుంచి ఫోను వచ్చింది. రోజు కూడా ఖాయం చేశారు.

ఆ రోజు పొద్దున తొందర బూట్లు వేసుకుంది. లేసులు కట్టుకుంది, విప్పి మళ్ళీ కట్టుకుంది. మెట్లు దిగి గేటుదాకా వెళ్ళింది. గేటు పట్టుకుని నిలబడిపోయింది. టీచరు రెండడుగులు ముందుకు వెళ్ళి, బూట్ల చప్పుడు వెనక వినపడక తిరిగి చూసింది.

"ఇవాళ కాదు వదినా" అంది తొందర. "వస్తాను. నిజంగా వస్తాను. ఇవాళ కాదు. వాళ్ళు పరిగెత్తు పరిగెత్తు అంటుంటే నేను ఆగిపోతే? నువ్వు చూస్తుంటావు."

టీచరు ఆమెను కసరలేదు. బతిమాలనూ లేదు. చెయ్యి పట్టుకుని మెల్లగా మెట్లెక్కించింది. రెండో అంతస్తులో కూర్చున్నారు. ఇంట్లోకి వచ్చాక ఆస్పత్రికి ఫోను చేసి, ఇంకో రోజు ఇమ్మని అడిగింది. చూసి చెబుతామన్నారు.

పరిగెత్తే పరీక్ష ఇంకా చేయించలేదు.